అమెరికా కమర్షియల్ లైసెన్సు నుంచి ఈఏఎస్‌ఏ లైసెన్సుకు: ఒక ఫైలు మొదటి నుంచి చివరి వరకు

అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఇచ్చిన కమర్షియల్ పైలట్ లైసెన్సు, దానిమీద మల్టీ ఇంజన్, ఇన్‌స్ట్రుమెంట్ (బయటకు చూడకుండా పరికరాలను బట్టి ఎగరడం) రేటింగులు ఉన్న ఒక తెలుగు పైలట్ యూరప్ లైసెన్సు, అంటే యూరప్ విమానయాన భద్రతా సంస్థ ఈఏఎస్‌ఏ నిబంధనల కింద ఇచ్చే లైసెన్సు, తీసుకున్న కేసు ఇది. శిక్షణ అంతా ఫ్లోరిడాలో జరిగింది. పెళ్లయ్యాక భర్త ఉద్యోగరీత్యా దక్షిణ జర్మనీలో స్థిరపడ్డారు. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాం. ఇలాంటి ఫైళ్లలో పదే పదే ఎదురయ్యే చిక్కులను ఒకే లెక్కలోకి తెచ్చాం. కాబట్టి ఇక్కడి గంటలను నమూనాగా చూడండి. నిబంధనల అంకెలు మాత్రం నిబంధనల్లో ఉన్నవే.

ముందుగా తేల్చుకోవాల్సింది లైసెన్సు గురించి కాదు, ఉద్యోగ హక్కు గురించి. ఈఏఎస్‌ఏ లైసెన్సు చేతికొచ్చినంత మాత్రాన యూరప్‌లో ఉద్యోగం చేసే హక్కు రాదు. అక్కడి ఎయిర్‌లైన్లు దరఖాస్తులోనే నివాస, ఉద్యోగ హక్కు ఉందా అని అడుగుతాయి. ఈ అభ్యర్థికి భర్త బ్లూ కార్డు (నైపుణ్య ఉద్యోగులకిచ్చే యూరప్ నివాస అనుమతి) మీద వచ్చిన నివాస అనుమతి ఉంది, దాంతో పని చేసే హక్కూ ఉంది. అది లేనివాళ్లు ఇంత డబ్బు, ఇంత కాలం పెట్టేముందు ఈ ఒక్క ప్రశ్నకు కాగితం మీద జవాబు రాసుకోవాలి. పర్యాటక షెంగెన్ వీసాతో 180 రోజుల్లో 90 రోజులే ఉండగలరు. వాతావరణం రెండు వారాలు అడ్డుపడితే ఆ లెక్క తప్పిపోతుంది.

ఏది మాఫీ అవుతుంది, ఏది కాదు

యూరప్‌లో దీనికి ఆధారం 2 నిబంధనలు. పైలట్ లైసెన్సుల మూల నిబంధన 1178/2011. ఇతర దేశాల లైసెన్సులను ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలో చెప్పేది 2020/723. రెండోదాని సారం సూటిగా ఉంటుంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో అనెక్స్ 1 ప్రకారం ఇచ్చిన సమానమైన లైసెన్సు ఉన్నవాళ్లు పార్ట్ ఎఫ్‌సీఎల్, అంటే 1178/2011లోని లైసెన్సు నియమాల భాగం, అడిగేవన్నీ నెరవేర్చాలి. కోర్సు వ్యవధి, పాఠాల సంఖ్య, శిక్షణ గంటలు మాత్రం తగ్గించవచ్చు. ఎంత తగ్గించాలో ఏటీఓ, అంటే అనుమతి పొందిన శిక్షణ సంస్థ, అభ్యర్థిని పరీక్షించి సిఫారసు చేస్తుంది. సభ్యదేశపు విమానయాన అథారిటీ ఆమోదిస్తుంది.

అంటే తగ్గేది శిక్షణ మాత్రమే. రాత పరీక్షలు తగ్గవు, స్కిల్ టెస్టులు తగ్గవు, మెడికల్ తగ్గదు, లైసెన్సుకు కావాల్సిన కనీస అనుభవం తగ్గదు. ఏజెంట్లు చెప్పే 'లా పేపరు రాస్తే చాలు' అన్న మాట ప్రైవేటు పైలట్ లైసెన్సు సంగతి. అక్కడ 100 గంటల అనుభవం ఉంటే ఎయిర్ లా, హ్యూమన్ పెర్ఫార్మెన్స్ పరీక్షలు, స్కిల్ టెస్టు, మెడికల్, భాషా పరీక్షతో పని అవుతుంది. అమెరికా, యూరప్‌ల మధ్య ఉన్న ద్వైపాక్షిక లైసెన్సింగ్ ఒప్పందం కూడా ప్రైవేటు పైలట్ అధికారాలకే పరిమితం. కమర్షియల్ దాని పరిధిలో లేదు.

ఇన్‌స్ట్రుమెంట్ రేటింగుకు (ఐఆర్) ఒక దగ్గరి దారి ఉంది. పార్ట్ ఎఫ్‌సీఎల్ లైసెన్సు ఉండి, వేరే దేశపు ఐఆర్ చెల్లుబాటులో ఉండి, ఐఎఫ్ఆర్ (పరికరాలను బట్టి ఎగిరే నిబంధనలు) కింద పీఐసీగా, అంటే విమానానికి బాధ్యత వహించే కమాండర్‌గా, కనీసం 50 గంటలు ఎగిరినవాళ్లకు కాంపిటెన్సీ బేస్డ్ (నైపుణ్యం ఆధారిత) ఐఆర్ కోర్సు మొత్తం మాఫీ కావచ్చు. స్కిల్ టెస్టు పాసై, ఎయిర్ లా, వాతావరణం, ప్లానింగ్ మీద తగిన పరిజ్ఞానం ఉందని ఎగ్జామినర్ ముందు చూపిస్తే సరిపోతుంది. ఈ కేసులో అది పనికిరాలేదు. ఆమె ఐఎఫ్ఆర్ పీఐసీ 50 గంటలకు చాలా దూరంలో ఉంది. హుడ్ (బయట కనబడకుండా చేసే ముసుగు) పెట్టుకుని వీఎఫ్ఆర్‌లో (కంటితో చూస్తూ ఎగిరే నిబంధనలు) ఎగిరిన గంటలు ఐఎఫ్ఆర్ గంటలు కావు. శిక్షణ గంటలు పీఐసీ కావు. 250, 300 గంటల పైలట్లలో ఈ దారికి అర్హులు చాలా అరుదు.

సభ్యదేశాన్ని ఎంచుకోవడం

ఈఏఎస్‌ఏ పరిధిలో 31 దేశాలున్నాయి: ఐరోపా సమాఖ్యలోని 27, వాటితోపాటు నార్వే, ఐస్‌లాండ్, స్విట్జర్లాండ్, లీక్టెన్‌స్టైన్. బ్రిటన్ వీటిలో లేదు. 2021 జనవరి 1 నుంచి బ్రిటన్ విమానయాన సంస్థ సీఏఏ లైసెన్సు, పరీక్షలు పూర్తిగా వేరు. ఆ తేదీ తర్వాత బ్రిటన్‌లో రాసిన పేపర్లు ఈఏఎస్‌ఏ లైసెన్సుకు పనికిరావు. లండన్‌లో బంధువులున్నారని అక్కడ పరీక్షలు రాయాలనుకునే తెలుగు విద్యార్థులు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

లైసెన్సు ఎక్కడ తీసుకున్నా 31 దేశాల్లో చెల్లుతుంది కాబట్టి నివసించే దేశంలోనే తీసుకోవాలన్న నియమం లేదు. కానీ రాత పరీక్షలు అన్నీ ఒకే సభ్యదేశం కింద రాయాలి. మెడికల్ రికార్డు లైసెన్సు ఇచ్చే దేశానికి చేరాలి. మధ్యలో దేశం మారిస్తే బదిలీ కాగితాలకే నెలలు పోతాయి. అందుకే మెడికల్, థియరీ, టెస్టులు, లైసెన్సు అన్నీ ఒకే గొడుగు కింద పెట్టడం మేలు.

దేశాల మధ్య తేడాలు చిన్నవిగా కనిపించినా వాటి ప్రభావం ఎక్కువ. జర్మన్ లైసెన్సుకు భద్రతా నేపథ్య తనిఖీ జరగాలి. రేడియోకు జర్మనీ టెలికాం నియంత్రణ సంస్థ బుండెస్‌నెట్జ్‌అగెంటూర్ ఇచ్చే విడి సర్టిఫికెట్ కావాలి, ఐఎఫ్ఆర్ ఎగరాలంటే అందులో ఏజెడ్ఎఫ్ రకం. మరికొన్ని దేశాల్లో రేడియో అధికారం లైసెన్సులోనే వస్తుంది. అభ్యర్థి ఆరేళ్లుగా మూడు దేశాల్లో నివసించడంతో నేపథ్య తనిఖీకి ఆ దేశాల పోలీసు సర్టిఫికెట్లు పోగు చేయడం ఆలస్యమయ్యేలా కనిపించింది. అందుకని ఇంగ్లీషులో పరీక్షలు పెట్టే మరో సభ్యదేశాన్ని ఎంచుకున్నారు. ఇది అందరికీ వర్తించే సలహా కాదు. ఎంచుకునే ముందు ఆ అథారిటీని నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగాలి: పరీక్ష భాష, రేడియో సర్టిఫికెట్, నేపథ్య తనిఖీ, వేరే దేశపు లాగ్‌బుక్‌ను ఏ రూపంలో చూస్తారు.

మెడికల్ ముందు

ఎఫ్‌ఏఏ ఫస్ట్ క్లాస్ మెడికల్, భారత విమానయాన సంస్థ డీజీసీఏ క్లాస్ 1 రెండూ ఇక్కడ లెక్కకు రావు. తొలి క్లాస్ 1 (కమర్షియల్ పైలట్లకు కావాల్సిన మెడికల్) పరీక్షను ఏరోమెడికల్ సెంటర్‌లోనే చేయించుకోవాలి, విడిగా ప్రాక్టీసు చేసే ఏఎంఈ (విమానయాన వైద్య పరీక్షకుడు) దగ్గర కుదరదు. ఈసీజీ, ఆడియోగ్రామ్, రక్త పరీక్ష, పూర్తిస్థాయి కంటి పరీక్ష ఉంటాయి. కళ్లద్దాలతోనైనా ఒక్కో కన్ను 6/9, రెండూ కలిపి 6/6 చూడాలి. రంగుల చూపును పరీక్షించే ఇషిహారా పుస్తకంలో మొదటి 15 ప్లేట్లు ఒక్క తప్పు లేకుండా చదవాలి. తప్పితే అనోమలోస్కోప్, లాంతర్ లేదా సీఏడీ పరీక్షకు పంపుతారు. అందులోనూ కలర్ సేఫ్ అని తేలకపోతే క్లాస్ 1 రాదు.

థియరీ కోర్సుకు డబ్బు కట్టి ఆ తర్వాత మెడికల్‌కు వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇది తప్పనిసరిగా మానాల్సిన పని. 40 ఏళ్ల లోపు వాళ్లకు సర్టిఫికెట్ 12 నెలలే చెల్లుతుంది, చదువు మధ్యలో ఒకసారి రెన్యువల్ చేయించుకోవాల్సి వస్తుంది, నిజమే. ఆ ఖర్చు థియరీ ఫీజు ముందు చిన్నది. పాత ఆపరేషన్లు, మందులు ఉంటే వాటి కాగితాల ఇంగ్లీషు ప్రతులు వెంట తీసుకెళ్లాలి. ఏ దేశపు లైసెన్సుకు వెళ్తున్నారో సెంటర్‌కు మొదటి రోజే చెప్పాలి, రికార్డు అక్కడికే వెళ్తుంది.

లాగ్‌బుక్ తనిఖీ: అసలు కథ ఇక్కడే

ఆమె లాగ్‌బుక్‌లో మొత్తం 262.4 గంటలు, పీఐసీ 158 గంటలు. కమర్షియల్ లైసెన్సుకు మాడ్యులర్ (కోర్సులను విడివిడిగా చేసే) దారిలో పార్ట్ ఎఫ్‌సీఎల్ అడిగేది మొత్తం 200, అందులో పీఐసీ 100. పైపైన చూస్తే రెండూ దాటిపోయినట్టే. వరుసవారీగా చూస్తే సంగతి వేరు.

అమెరికా నియమం ప్రకారం, తనకు రేటింగు ఉన్న విమానాన్ని ఒంటరిగా కంట్రోల్ చేస్తున్న పైలట్ పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నా ఆ సమయాన్ని పీఐసీగా రాసుకోవచ్చు. యూరప్‌లో ఇన్‌స్ట్రక్టర్ పక్కనుంటే అది డ్యూయల్. పీఐసీ ఇన్‌స్ట్రక్టర్‌దే. అలాంటివి 41 గంటలు తేలాయి. అవి మొత్తంలో ఉంటాయి, పీఐసీలోంచి పోతాయి. ఆపైన 23 గంటలు సేఫ్టీ పైలట్‌గా కూర్చున్నవి. గంటలు పెంచుకోవడానికి ఇద్దరు కలిసి విమానం అద్దెకు తీసుకుని, ఒకరు హుడ్ కింద ఎగరడం, మరొకరు బయటకు చూస్తూ ఉండటం, ఇద్దరూ పీఐసీ రాసుకోవడం అక్కడ మామూలు. ఒకే పైలట్ చాలే విమానంలో రెండో మనిషికి యూరప్ లెక్కలో గంటలు ఉండవు. ఈ 23 మొత్తంలోంచీ, పీఐసీలోంచీ రెండింటిలోంచీ పోతాయి. ఆమె హుడ్ కింద ఎగిరిన గంటల మీద కూడా కమాండర్ ఎవరన్న ప్రశ్న వచ్చింది. అద్దె కాగితాలు, డిస్పాచ్ షీట్లు ఆమె పేరు మీదే ఉండటంతో అవి నిలిచాయి.

చివరికి మొత్తం 239.4, పీఐసీ 94. 200 దాటింది, 100 దాటలేదు. 6 గంటలు తక్కువ.

తర్వాత రాత్రి గంటలు. కమర్షియల్ కోసం కావాల్సింది రాత్రిపూట 5 గంటలు. అందులో 3 గంటలు డ్యూయల్, దానిలో కనీసం 1 గంట క్రాస్ కంట్రీ నావిగేషన్. వీటితోపాటు 5 సోలో టేకాఫ్‌లు, 5 సోలో ఫుల్ స్టాప్ ల్యాండింగులు. ఆమెకు రాత్రి గంటలు 5.8 ఉన్నాయి. ల్యాండింగులు 10 ఉన్నాయి. కానీ ఎఫ్‌ఏఏ కమర్షియల్ నియమం ఆ సోలో భాగాన్ని ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని 'పీఐసీ విధులు నిర్వర్తిస్తూ' పూర్తి చేసేందుకు అనుమతిస్తుంది. బీమా కారణంగా చాలా స్కూళ్లు అలాగే చేయిస్తాయి. ఆ 10 ల్యాండింగుల్లో ఒక్కటీ ఒంటరిగా చేసింది కాదు. యూరప్ లెక్కలో సోలో సున్నా.

300 నాటికల్ మైళ్ల క్రాస్ కంట్రీ విషయంలోనూ ఇదే ప్రమాదం ఉంటుంది. బయల్దేరిన చోటు కాక వేరే రెండు ఏరోడ్రోములలో ఫుల్ స్టాప్ ల్యాండింగు చేస్తూ, వీఎఫ్ఆర్‌లో, పీఐసీగా ఎగరాలి. అదృష్టవశాత్తూ ఆమె దాన్ని ఒంటరిగానే ఎగిరింది. పక్కన ఎవరూ లేరని ఆ వరుసలోనే రాసి ఉంది.

సిమ్యులేటర్ విషయంలో, ఫ్లోరిడాలో వాడిన ఏఏటీడీ (నేలమీది శిక్షణ పరికరం) 18 గంటలు ఆమె ఇన్‌స్ట్రుమెంట్ కాలమ్‌లో కలిసిపోయి ఉన్నాయి. అది ఈఏఎస్‌ఏ అర్హత పొందిన ఎఫ్ఎన్‌పీటీ 2 రకం సిమ్యులేటర్ కాదు. ఇన్‌స్ట్రుమెంట్ 58 అని ఉన్నది విమానంలో 40గా మిగిలింది.

ఇక కాగితపు పని. అమెరికన్ లాగ్‌బుక్ దశాంశాల్లో ఉంటుంది, యూరప్ దరఖాస్తు గంటలు, నిమిషాల్లో అడుగుతుంది. 1.3 అంటే 1 గంట 18 నిమిషాలు. దాన్ని 1:30 అని రాసిన ఫైళ్లు తిరిగి వస్తాయి, పైగా మిగతా అంకెల మీద కూడా అనుమానం పుడుతుంది. బయల్దేరిన, దిగిన సమయాలకు అమెరికన్ పుస్తకాల్లో తరచూ కాలమే ఉండదు. అసలు పుస్తకాన్ని దిద్దకూడదు. పార్ట్ ఎఫ్‌సీఎల్ కాలమ్‌లతో ఒక విడి షీటు తయారుచేసి, ఏ వరుసను ఎందుకు ఏ కాలమ్‌కు మార్చారో పక్కన రాయాలి. ఇందులో అభ్యర్థి తనంతట తానే గంటలు తగ్గించుకుని చూపడం మంచిది. అథారిటీ వాళ్లు కనిపెట్టి తగ్గిస్తే ప్రతి వరుసకూ సాక్ష్యం అడుగుతారు.

ఈ లోటును ఎక్కడ పూడ్చాలన్నది తర్వాతి నిర్ణయం. యూరప్‌లో రిజిస్టరైన విమానాన్ని ఎఫ్‌ఏఏ లైసెన్సు మీద పీఐసీగా ఎగరడం కుదరదు. ఏటీఓలో విద్యార్థిలాగా ఇన్‌స్ట్రక్టర్ అనుమతితో సోలో ఎగరాలి. జూన్‌లో దక్షిణ జర్మనీలో రాత్రి మొదలయ్యేసరికి దాదాపు 10 అవుతుంది, చిన్న ఫీల్డులు అప్పటికే మూసేస్తారు. ఆమె ఎఫ్‌ఏఏ ఫ్లైట్ రివ్యూ ఇంకా చెల్లుబాటులో ఉంది. ఫ్లోరిడాకు వెళ్లి, అద్దె సెస్నా 172లో ఒంటరిగా 7 గంటలు, అందులో రాత్రి 6 ఫుల్ స్టాప్‌లు పూర్తి చేసుకుని వచ్చింది. కావాల్సినదానికంటే ఒకటి ఎక్కువ. వరుసల్లో స్పష్టంగా 'సోలో' అని రాయించాం. ఈ తనిఖీ అమెరికా వదిలే ముందే జరిగి ఉంటే విమాన టికెట్ ఖర్చు మిగిలేది. ఇప్పుడు అమెరికాలో శిక్షణలో ఉండి, తర్వాత యూరప్ ఆలోచన ఉన్నవాళ్లకు మేం గట్టిగా చెప్పేది ఇదే: పీఐసీ 100ను ఒంటరి గంటలతోనే నింపండి, రాత్రి ల్యాండింగుల్లో కనీసం 5 ఒంటరిగా చేయండి.

ఇండియాలో శిక్షణ పొంది డీజీసీఏ సీపీఎల్ (కమర్షియల్ లైసెన్సు) ఉన్నవాళ్లకు ఈ చిక్కు తక్కువ. మన పుస్తకాల్లో డ్యూయల్ డ్యూయల్‌గానే, పీఐసీ పీఐసీగానే ఉంటుంది. అక్కడ చూడాల్సింది హుడ్ గంటలను ఐఎఫ్ఆర్ గంటలుగా చూపారా అన్నది. ఆ తర్వాత మల్టీ ఇంజన్ గంటలు, పీబీఎన్ (జీపీఎస్ లాంటి నావిగేషన్‌తో ఎగరడం) అనుభవం ఎంత తక్కువగా ఉన్నాయో చూడాలి. మార్పిడి సాగినన్నాళ్లూ ఇండియన్ ఐఆర్ గడువు దాటకుండా చూసుకోవాలి. గడువు తీరిన రేటింగుకు శిక్షణ తగ్గింపు ఇవ్వడానికి అథారిటీలు వెనకాడతాయి.

లైసెన్సు నిజమైనదేనని ధ్రువీకరణ

ఎఫ్‌ఏఏ లైసెన్సు నిజమైనదేనని ఓక్లహోమా సిటీలోని ఎయిర్‌మెన్ సర్టిఫికేషన్ బ్రాంచ్ నుంచి యూరప్ అథారిటీకి నేరుగా సమాచారం వెళ్లాలి. డీజీసీఏ లైసెన్సైతే డీజీసీఏ నుంచి. అభ్యర్థి చేతికిచ్చిన కాపీ పనికిరాదు. ఇది ఎన్నాళ్లు పడుతుందో మన చేతిలో ఉండదు కాబట్టి థియరీ మొదలైన వారమే అభ్యర్థన పెట్టించాం. టెస్టులన్నీ అయ్యాక దీన్ని మొదలుపెడితే లైసెన్సు చేతికొచ్చేలోపు ఐఆర్ గడువులో కొన్ని నెలలు వృథాగా కరిగిపోతాయి.

13 పేపర్లు

కేవలం సీపీఎల్, ఐఆర్ పేపర్లు రాసి లైసెన్సు తీసుకోవచ్చు. ఎయిర్‌లైన్ లక్ష్యమైతే అది తప్పుడు పొదుపు. ఇద్దరు పైలట్లు నడిపే విమానపు టైప్ రేటింగుకు (ఆ విమాన రకాన్ని నడిపే అనుమతి) ఏటీపీఎల్, అంటే ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సు స్థాయి, థియరీ తప్పనిసరి. అందుకని 13 పేపర్లకే వెళ్లాం.

ఎయిర్ లా, ఎయిర్‌ఫ్రేమ్ అండ్ సిస్టమ్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్, మాస్ అండ్ బ్యాలెన్స్, పెర్ఫార్మెన్స్, ఫ్లైట్ ప్లానింగ్, హ్యూమన్ పెర్ఫార్మెన్స్, మెటియరాలజీ, జనరల్ నావిగేషన్, రేడియో నావిగేషన్, ఆపరేషనల్ ప్రొసీజర్స్, ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఫ్లైట్, కమ్యూనికేషన్స్. ప్రతిదానిలో 75 శాతం రావాలి. తప్పుకు మార్కులు తీయరు. ఎఫ్‌ఏఏ, డీజీసీఏల 70 శాతానికి అలవాటు పడినవాళ్లకు ఆ 5 శాతం తేడా పైకి కనిపించినంత చిన్నది కాదు, ఎందుకంటే ప్రశ్నలు యూరప్ కేంద్ర ప్రశ్నల బ్యాంకు నుంచి వస్తాయి, విషయం లోతు కూడా వేరు. ఏటీఓ 650 గంటల కోర్సును ఆమెకు తగ్గించింది. తగ్గింది తరగతి గంటలే. చదవాల్సిన సిలబస్‌లో ఒక్క పేజీ తగ్గలేదు.

గడువు లెక్క జాగ్రత్తగా వేయాలి. మొదటి పేపరు రాసిన నెల చివరి తేదీ నుంచి 18 నెలల్లో అన్నీ పాసవ్వాలి. 2025 మార్చి 10న మొదటి పేపరు రాస్తే 2026 సెప్టెంబరు 30 ఆఖరు. ఒక్కో పేపరుకు 4 ప్రయత్నాలు. ఏ ఒక్కటి 4 సార్లు తప్పినా మొత్తం సెట్ మొదటి నుంచి రాయాలి. అన్నీ పాసయ్యాక సీపీఎల్, ఐఆర్ తీసుకోవడానికి 36 నెలలు ఉంటాయి. ఆఖరి పేపరుకు ముందు ఏటీఓలో ఏరియా 100 పూర్తి చేయాలి. మానసిక గణితం, ముప్పులు, పొరపాట్ల నిర్వహణ, పరిస్థితిని అంచనా వేయడం అందులో ఉంటాయి. దీన్ని ఆన్‌లైన్ చదువు మధ్యలో మర్చిపోయి ఆఖరి సిట్టింగ్ వాయిదా వేసుకున్నవాళ్లున్నారు.

అమెరికాలో చదివినవాళ్లకు మూడు చోట్ల దెబ్బ తగులుతుంది. ఒకటి పెర్ఫార్మెన్స్, ప్లానింగ్, మాస్ అండ్ బ్యాలెన్స్. క్యాప్ 696, 697, 698 పుస్తకాల్లోని గ్రాఫులు చూసి జెట్ రవాణా విమానం లెక్కలు చేయాలి. సెస్నా 172 హ్యాండ్‌బుక్ అనుభవం ఇక్కడ చాలదు. గ్రాఫు మీద పెన్సిల్ గీత ఎక్కడ వంగాలో చేతికి పట్టేంతవరకు రోజూ సాధన చేయాలి. రెండు, జనరల్ నావిగేషన్. గ్రిడ్, కన్వర్జెన్సీ, లాంబర్ట్ మ్యాపుల లెక్కలు ఎఫ్‌ఏఏ సిలబస్‌లో దాదాపు లేవు. సీఆర్‌పీ 5 అనే చేతితో తిప్పే లెక్కల పలకను గాలి లెక్కల వైపు వేగంగా వాడటం రావాలి. మూడు, మెటియరాలజీ. ఫ్లోరిడా ఉరుములు, మన నైరుతి రుతుపవనాలు తెలిసినవాళ్లకు అక్లూడెడ్ ఫ్రంట్ (చల్లని, వెచ్చని గాలుల సరిహద్దులు కలిసిపోయినది), యూరప్ స్థానిక గాలులైన ఫెన్ (Föhn), మిస్ట్రల్, బోరా కొత్త. చదివేది పరీక్ష కోసమే అయినా ఆల్ప్స్ దగ్గర ఎగిరే నాడు ఇదే ప్రాణానికి పనికొస్తుంది.

పేపర్లను మూడు సిట్టింగులుగా విభజించాం. మొదటిదాంట్లో జనరల్ నావిగేషన్, మెటియరాలజీ, హ్యూమన్ పెర్ఫార్మెన్స్, కమ్యూనికేషన్స్. కష్టమైన రెండింటిని ముందే రాస్తే తప్పినా మిగతా ప్రయత్నాలకు కాలం ఉంటుంది. ప్రశ్నల బ్యాంకు యాప్‌ను మాత్రమే నమ్ముకున్నవాళ్లు ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఫ్లైట్‌లోనూ, రేడియో నావిగేషన్‌లోనూ 70 దగ్గర ఆగిపోవడం తరచూ చూస్తాం. జవాబు గుర్తుంటుంది. అంకె మారిస్తే కారణం తెలియక తప్పుతారు.

ఎగరడం: రెండు ఇంజన్ల డీఏ 42 విమానంలో

ఇంగ్లీషు భాషా పరీక్షను ఆ సభ్యదేశం గుర్తించిన సంస్థలో రాయించాం. ఎఫ్‌ఏఏ లైసెన్సు మీద 'ఇంగ్లీష్ ప్రొఫిషియంట్' అని ఉంటుంది తప్ప స్థాయి ఉండదు. లెవెల్ 4 అయితే 4 ఏళ్లు, 5 అయితే 6 ఏళ్లు, 6 అయితే గడువు లేదు. ఆమెకు లెవెల్ 5 వచ్చింది.

ముందు ఎంఈపీ (మల్టీ ఇంజన్ పిస్టన్ విమానం) క్లాస్ రేటింగు. దానికి 70 గంటల పీఐసీ ఉండాలి. కోర్సులో కనీసం 6 గంటల డ్యూయల్: మామూలు పరిస్థితుల్లో 2.5, ఇంజన్ ఫెయిల్యూర్ పద్ధతులకు 3.5. ఆపైన ఐఆర్. మల్టీ ఇంజన్ ఐఆర్‌కు మాడ్యులర్ కోర్సు అంతా చేస్తే 55 గంటలు. ఏటీఓ ఆమెను ఎఫ్ఎన్‌పీటీ 2లో ఒక పూట పరీక్షించి, సిమ్యులేటర్‌లో 15, విమానంలో 10 గంటలు సిఫారసు చేసింది. అథారిటీ ఒప్పుకుంది. ఈ తగ్గింపు మనిషిని బట్టి మారుతుంది. ఆ ఒక్క పూట పరీక్షకు సిద్ధమై వెళ్లడం విమానం గంటలకు పెట్టే ఖర్చును నేరుగా తగ్గిస్తుంది, కాబట్టి దానికి ముందు ఇంట్లో సాధన చేయడం వృథా కాదు.

అసలు కష్టం విమానాన్ని అదుపులో పెట్టడం కాదు, అలవాట్లు మార్చుకోవడం. అమెరికాలో ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్, అంటే ఆల్టిమీటరును స్థానిక పీడనం నుంచి స్టాండర్డ్ ప్రెజర్‌కు (1013 హెక్టోపాస్కల్) మార్చే ఎత్తు, 18,000 అడుగులు. అక్కడ చిన్న విమానం నడిపిన పైలట్ స్టాండర్డ్ ప్రెజర్ పెట్టిన సందర్భమే ఉండదు. జర్మనీలో అది సాధారణంగా 5,000 అడుగులు. డిపార్చర్ ఎక్కుతూ, మలుపు తిరుగుతూ, ఫ్రీక్వెన్సీ మార్చుకుంటున్న క్షణంలోనే 1013 పెట్టాలి. క్యూఎన్‌హెచ్ (స్థానిక పీడనం) 998 ఉన్న రోజు మర్చిపోతే తేడా 15 హెక్టోపాస్కల్, అంటే దాదాపు 420 అడుగులు. ఐఆర్ టెస్టులో ఎత్తుకు అనుమతి 100 అడుగులే. శిక్షణలో ఆమె రెండుసార్లు దాటింది. మందు ఒకటే: క్లియరెన్స్‌లో 'ఫ్లైట్ లెవెల్' అన్న మాట వినగానే, అది రీడ్‌బ్యాక్ చేస్తూనే చెయ్యి నాబ్ మీదకు వెళ్లాలి, స్టాండ్‌బై ఆల్టిమీటరుతో సహా.

రేడియోలో రెండోది. యూరప్‌లో 8.33 కిలోహెర్ట్జ్ ఎడంతో ఉండే చానళ్లు. ఆరు అంకెలూ పలకాలి. చివరి రెండూ సున్నాలైతేనే మొదటి నాలుగు చాలు. 'పాయింట్' కాదు, 'డెసిమల్'. పాత అలవాటుతో చివరి అంకె వదిలేస్తే పక్క చానల్‌కు వెళ్లిపోతారు.

మూడోది ప్లానింగ్. ఐఎఫ్ఆర్ ఫ్లైట్ ప్లాన్ యూరప్ గగనతల ట్రాఫిక్‌ను సమన్వయించే యూరోకంట్రోల్ వ్యవస్థలో ఆమోదం పొందాలి. రూట్ నియమాలకు సరిపోకపోతే తిరస్కరిస్తుంది. స్లాట్ వస్తే ఇచ్చిన టేకాఫ్ సమయానికి 5 నిమిషాల ముందు నుంచి 10 నిమిషాల తర్వాత వరకే వ్యవధి. టెస్టు రోజు స్లాట్ వస్తుందని అనుకునే బ్రీఫింగ్ సమయం లెక్కేసుకోవాలి.

పద్ధతుల విషయానికొస్తే, ఎన్‌డీబీ (నేలమీది రేడియో బీకన్) మీద ట్రాకింగ్, హోల్డింగ్ అమెరికాలో దాదాపు పోయాయి. ఇక్కడి ఎగ్జామినర్లు ఇంకా అడుగుతారు. గాలికి హోల్డు అవుట్‌బౌండులో దిద్దుబాటు ఎంతో ముందే నోటితో చెప్పి ఎగరాలి. జీపీఎస్ తెర మీద గులాబీ గీత చూస్తూ ఎగిరే అలవాటు ఉన్నవాళ్లు సూదిని వెంటాడుతారు, 5 డిగ్రీల హద్దు దాటుతారు.

స్కిల్ టెస్టు హద్దులు రెండింటికీ ఒకేలా ఉండవు. సీపీఎల్ టెస్టులో మామూలుగా ఎత్తు 100 అడుగులు, హెడింగ్ 10 డిగ్రీలు. ఇంజన్ ఫెయిల్యూర్‌లో 150 అడుగులు, 15 డిగ్రీలు. ఐఆర్‌లో హెడింగ్ 5 డిగ్రీలు, ఒక ఇంజన్‌తో 10. స్పీడు 5 నాట్లు, ఒక ఇంజన్‌తో ప్లస్ 10, మైనస్ 5. డెసిషన్ హైట్ దగ్గర గో అరౌండ్ ప్రారంభం ప్లస్ 50, మైనస్ సున్నా. ఒక్క అడుగు కిందకు జారినా ఆ భాగం పోతుంది. పీబీఎన్ అధికారాలు లైసెన్సులో రావాలంటే అప్రోచుల్లో ఒకటి ఆర్‌ఎన్‌పీ (జీపీఎస్ ఆధారిత) అప్రోచ్ అయి తీరాలి. దాని ముందు డేటాబేస్ తేదీ, సిగ్నల్ సమగ్రత చూశానని బ్రీఫింగులో చెప్పాలి.

ఆమె సీపీఎల్ టెస్టు మొదటిసారే పాసైంది. ఐఆర్‌లో ఒక భాగం తప్పింది: ఒక ఇంజన్‌తో చేసిన ఐఎల్‌ఎస్ (రేడియో సంకేతాలతో రన్‌వేకు దారి చూపే వ్యవస్థ) అప్రోచ్‌లో గ్లైడ్ పాత్ (దిగే దారి) సగం స్కేలు దాటింది. కారణం గేర్ (చక్రాలు) వేసిన చోటు. రెండు ఇంజన్లతో వేసినట్టు ముందే వేయడంతో పవర్ పెంచాల్సి వచ్చింది, యా (విమానం ముక్కు పక్కకు తిరగడం) మారింది, రడ్డర్ దిద్దేలోపు సూది పైకి జరిగింది. ఒక్క భాగం మాత్రమే తప్పితే ఆ భాగమే మళ్లీ చేయాలి. రెండు తప్పితే మొత్తం మొదటి నుంచి. తిరిగి టెస్టుకు వెళ్లినప్పుడు పాసైన భాగంలో తప్పు చేసినా మొత్తం మళ్లీ చేయాలి, అన్ని భాగాలూ 6 నెలల లోపు పూర్తవ్వాలి. రీటెస్టుకు ముందు సిమ్యులేటర్‌లో గేర్ వేసే స్థానాన్ని గ్లైడ్ పాత్ పట్టుకున్న తర్వాతికి మార్చి, అదే అప్రోచ్‌ను పవర్ అంకెలు నోట చెబుతూ చేయించాం. మళ్లీ వెళ్లినప్పుడు పాసైంది.

దరఖాస్తు, ఆ తర్వాత

దరఖాస్తుతో వెళ్లినవి: పాస్‌పోర్టు, క్లాస్ 1, భాషా ఫలితం, థియరీ ఫలితాలు, ఏటీఓ కోర్సు పూర్తి సర్టిఫికెట్లు, తగ్గింపుకు అథారిటీ ఇచ్చిన ఆమోదపత్రం, ఎగ్జామినర్ రిపోర్టులు, అసలు లాగ్‌బుక్ స్కాన్, మన విడి షీటు. ఆమోదపత్రం జతచేయకపోతే 55 గంటల కోర్సు ఏదని ప్రశ్న వస్తుంది. ఫైలు ఆగిపోయే చోట్లలో ఇది మొదటిది.

లైసెన్సు వచ్చాక ఎయిర్‌లైన్ టైప్ రేటింగుకు ఇంకా రెండు కావాలి. అడ్వాన్స్‌డ్ యూపీఆర్‌టీ (అదుపు తప్పిన విమానాన్ని తిరిగి అదుపులోకి తెచ్చే శిక్షణ): కనీసం 5 గంటల థియరీ, విమానంలో 3 గంటల డ్యూయల్. ఎంసీసీ (ఇద్దరు పైలట్లు కలిసి పనిచేసే శిక్షణ): 25 గంటల థియరీ, 20 గంటల సిమ్యులేటర్. ఎంసీసీని ఇంటర్వ్యూలు దగ్గరపడ్డాకే చేయడం మేలు. చేసి ఏడాది కూర్చుంటే సిమ్యులేటర్ అసెస్‌మెంట్‌లో ఆ పదును కనిపించదు.

ఎంఈపీ, ఐఆర్ రెండూ ఏడాదికే గడువు తీరతాయి. గడువుకు ముందు 3 నెలల లోపు రీవాలిడేషన్ (పరీక్ష ఇచ్చి గడువు పొడిగించుకోవడం) చేయించుకుంటే పాత తేదీయే కొనసాగుతుంది, రోజులు పోవు. ఆ గడువు దాటితే రెన్యువల్, ముందుగా ఏటీఓ అసెస్‌మెంట్, అవసరమైతే మళ్లీ శిక్షణ. ఉద్యోగం ఇంకా రాని పైలట్‌కు విమానం అద్దె, ఎగ్జామినర్ ఫీజు కలిపి ఏటా వచ్చే ఖర్చు ఇదే. మొత్తం బడ్జెట్ వేసుకునేటప్పుడు కనీసం రెండేళ్ల రీవాలిడేషన్లు అందులో రాసి పెట్టుకోవాలి.